ఆగని మచ్చ

మా వదిన కోయించబట్టే మా అన్న చచ్చిపోయాడని మా వాళ్లు అంటారు. మేడ్చల్ బస్ డిపో దగ్గర టీ తాగేటప్పుడు అంటారు, శామీర్‌పేట వైపు చుట్టాల ఇళ్లలో అన్నాలు తింటూ అంటారు. "మంచిగున్న కాలుకు కత్తి వెట్టిచ్చింది, ఇగ అది మీదికి పాకింది" అనేది వాళ్ల మాట. వదిన ఎదుట మాత్రం అనరు. ఆమె వచ్చి కూర్చుంటే మాట మారుస్తారు, కాసేపటికి ఒక్కొక్కరే లేచిపోతారు.

ఆ మాట అబద్ధం. దాన్ని నిలబెట్టింది నేను. వదిన మీద నుంచి ఆ నింద తీసేయాలని ఇది రాస్తున్నాను. రాసినంత మాత్రాన పోతుందని నాకు నమ్మకం లేదు.

మాకు శామీర్‌పేట దాటాక కొంత భూమి ఉండేది. బోరు కింద వరి వేసేవాళ్లం. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రోజులు కాబట్టి అందరూ మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేది. స్టార్టరు చెడిపోతే చుట్టుపక్కల రైతులు అన్న కోసం వచ్చేవాళ్లు. లోపల కరెంటు కలిపే పాయింట్లు ఒక్కోసారి వేడికి అతుక్కుపోతాయి. అప్పుడు ఎర్ర బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. మడి నిండి, గట్టు తెగి, నీళ్లు పక్కవాడి పొలంలో పడుతున్నా నడుస్తూనే ఉంటుంది. అన్న ఫ్యూజు పీకి, మూత విప్పి, పాయింట్లు గీకి సరిచేసేవాడు.

"గిది అచ్చం మీ మామ లెక్కనే ఉన్నదే. షురువైతే ఆగదు" అని పక్క పొలం రైతును ఆటపట్టించేవాడు.

రింగు రోడ్డు వచ్చాక వరి పోయింది. మొదట మా భూమినే ప్లాట్లు చేశాం. తర్వాత పక్కవాళ్లది తీసుకున్నాం. అన్న మాట మీద నమ్మకంతో రైతులు భూమి ఇచ్చేవాళ్లు. కాగితాలు, కొనేవాళ్లు, బ్రోచర్లు నా పని.

మొదటి వెంచర్ భూమిపూజ నాడు పంతులుగారు అన్నను ఈశాన్యం మూలన పీట మీద కూర్చోబెట్టారు. మఠం వేసుకుని కూర్చుంటే కుడి అరికాలు పైకి కనబడింది. మడమకు కాస్త ముందు నువ్వుగింజంత నల్లటి మచ్చ ఉంది.

"అరికాల్లో మచ్చ! భూయోగమండీ. ఈ పాదం మోపిన నేలకు తిరుగుండదు" అన్నారు పంతులుగారు. ఎవరికైనా అలాంటి మంచి మాటే చెప్పే మనిషి ఆయన.

అన్న కాలు తిప్పి చూసుకుని నవ్వాడు. "పుట్టుమచ్చ గాదు పంతులుగారూ. గీమధ్యనే ఒచ్చింది. మోటరు గ్రీసు అంటిందేమో అని మస్తు రుద్దిన, పోలే."

అందరం నవ్వాం. అంత వయసు వచ్చాక అరికాల్లో కొత్తగా మచ్చ ఎందుకు వచ్చిందని అక్కడున్న ఏ ఒక్కరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు. ఆ ప్లాట్లు మేము అనుకున్న దానికన్నా జల్దీ అమ్ముడుపోయాయి. పంతులుగారు ఆ మాట అప్పుడే మరిచిపోయి ఉంటారు. నేను మరిచిపోలేదు.

రెండో వెంచర్ నుంచి అది మా పద్ధతి అయింది. జేసీబీ దిగకముందు నేల మీద పసుపు నీళ్లు చల్లించి, అన్న చెప్పులు విప్పించి, కుడి పాదం మోపించేవాణ్ణి. కొనడానికి వచ్చినవాళ్లకు ఆ మచ్చ సంగతి చెప్పేవాణ్ణి. కొంపల్లి, పేట్ బషీరాబాద్ వైపు కాలనీల్లో ఉండే కోస్తా ఉద్యోగస్తులు కూడా రిజిస్ట్రేషన్ అయ్యాక, "అన్నయ్యగారిని ఒకసారి మా ప్లాట్‌లో పాదం పెట్టమనండి" అని అడిగేవాళ్లు. అన్నకు సిగ్గు.

"ఏందిరా తమ్మీ, నన్ను గంగిరెద్దును తిప్పినట్టు తిప్పుతున్నవ్? ఇగ నెత్తికి కుచ్చులొక్కటి తక్కువ."

"కాలు పెట్టి రా అన్నా, వాళ్ల సంతోషం" అనేవాణ్ణి.

కీసర దారిలో వేసిన వెంచర్‌కు కమాను కట్టేటప్పుడు పచ్చి సిమెంటులో అన్న పాదం ముద్ర వేయించాను. అది ఇంకా అక్కడే ఉంది. ఎవరో ఒకరు దానికి పసుపు రాసి పోతుంటారు.

ఈలోగా మచ్చ పెరిగింది. కందిగింజంత అయింది, తర్వాత చింతగింజంత అయింది. అంచులు ఒక పక్క నున్నగా, ఇంకో పక్క సిరా ఒలికినట్టు ఉండేవి. కొంత నలుపు, కొంత ఊదా, మధ్యలో బూడిద రంగు. దాన్ని చూసి నేను సంతోషపడ్డాను. "యోగం పెరుగుతాంది అన్నా" అన్నాను. ఫోన్‌లో ఫొటో తీసి కస్టమర్లకు పంపాను. తర్వాత ఒక డాక్టరు ఆ ఫొటోలను వరసగా చూసి, ఇంత స్పష్టంగా కళ్ల ముందే పెరుగుతుంటే ఎలా ఊరుకున్నారండీ అని అడిగింది.

మొదట భయపడింది వదినే. ఇల్లు తుడుస్తుంటే తెల్ల టైల్స్ మీద అన్న నడిచిన దారి పొడుగునా ఎర్రటి చుక్కలు కనిపించాయి.

"కాలుకు ఏమన్న కుచ్చుకున్నదా?" అని అడిగింది.

"ఏం లే. చెప్పు ఒరుసుకున్నది" అన్నాడు అన్న.

"అరికాలుకు చెప్పెట్ల ఒరుసుకుంటది? ఏదీ, జూపియ్."

చూసి, నాకు ఫోన్ చేసి పిలిపించింది. నేను వెళ్లేసరికి అన్న సోఫాలో కాలు చాపి కూర్చున్నాడు. వదిన తడిబట్టతో కాలు తుడుస్తోంది. "మరిదీ, మచ్చకు నెత్తురొస్తదా ఎక్కడన్న? దవాఖానకు తోలుకపో."

"పోదాం వదినా. కొత్త వెంచర్ షురూ జేస్తున్నం గదా, గదైనంక పోదాం. ఇప్పుడు డాక్టరు కాడికి పోతే కోస్తనంటడు. కోసినంక అందరడుగుతరు."

"ఏమడుగుతరు?"

"మచ్చ ఏదీ అని."

వదిన తుడవడం ఆపింది. "నీకు అన్న గావాల్నా, మచ్చ గావాల్నా?" అంది.

నేను నవ్వేశాను. అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వులో ఆమె మాట కొట్టుకుపోయింది. ఆ వెంచర్ అయింది, తర్వాత ఆషాఢం వచ్చింది, ఆ తర్వాత శ్రావణంలో మంచి ముహూర్తాలని ఇంకో చోట పని పెట్టుకున్నాం. వదిన అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాను. అన్న పుండుకు దూది పెట్టి, పట్టీ చుట్టి, దాని మీద సాక్సు వేసుకుని తిరిగాడు. పాదం మోపే రోజు మాత్రం పట్టీ విప్పేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఒకరోజు శామీర్‌పేట నుంచి వస్తూ అన్న కారు పక్కకు ఆపమన్నాడు. నా చెయ్యి పట్టుకుని ప్యాంటు మీంచే కుడి గజ్జలో పెట్టాడు. అక్కడ గట్టిగా, కదలని ఒక బిళ్ళ వేలికి తగిలింది.

"ఏందిరా ఇది?"

"పుండు ఉన్నది గదా అన్నా. గజ్జల బిళ్ళ కడ్తది. చిన్నప్పుడు మనకు ముల్లు గుచ్చుకుంటే కట్టకపోతుండెనా?"

"గంతేనంటవా?" అని నా చెయ్యి వదిలేసి, "మీ వదినకు చెప్పకు. పరేషాన్ అయితది" అన్నాడు.

చెప్పనన్నాను. చెప్పొద్దన్నందుకు నాకు నిజంగా హాయిగా అనిపించింది. అప్పటికి అన్న కాలికి ఏ డాక్టరూ సూది కూడా గుచ్చలేదు. కత్తి చూడకముందే ఆ జబ్బు కాలు దాటి గజ్జలోకి వచ్చేసింది. దానికి సాక్షులు ఇద్దరే, అన్న, నేను. ఇప్పుడు నేను ఒక్కణ్ణే.

చివరికి వదిన నాకు చెప్పకుండా అన్నను వెంటబెట్టుకుని మేడ్చల్‌లో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన కాలు చూసి, గజ్జలో చెయ్యి పెట్టి చూసి, ఇక్కడ కాదమ్మా, సిటీకి పొండి అని చీటీ రాశాడు. సిటీలో ముక్క తీసి పరీక్షకు పంపారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కాన్సర్ అన్నారు. మడమ దగ్గర చాలా మేర కోసి, తొడ చర్మం తెచ్చి అతికారు. గజ్జలో బిళ్ళలు తీశారు. తర్వాత తీసిన స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో కూడా నీడలు కనబడ్డాయి. కోసిన ముక్కను ఇంకో పరీక్షకు పంపి, దాని రిపోర్టు వచ్చాక మమ్మల్ని ముగ్గురినీ పిలిచారు.

డాక్టరు చిన్న వయసు ఆమె, కోస్తా వైపు మాట. మాకు అర్థమయ్యేలా చెప్పాలని చాలా ఓపిక పట్టింది.

"కణం దానంతటది పెరగకూడదండి. పెరగమని బయటి నుంచి ఒక సంకేతం రావాలి. కణం గోడ మీదుండే ప్రోటీన్ ఒకటి దాన్ని అందుకుని లోపలున్న ఇంకో ప్రోటీన్‌కి చెబుతుంది. అది ఇంకోదానికి చెబుతుంది. అలా ఒకదాన్నించి ఒకటి మాట లోపలిదాకా వెళితే, అప్పుడు కణం రెండవుతుంది. దెబ్బ మానాలన్నా, పాత చర్మం పోయి కొత్తది రావాలన్నా ఇదే పద్ధతి. పనైపోయాక ఆ మాట ఆగిపోవాలి. మీ అన్నయ్యగారి విషయంలో, మధ్యలో ఉండే బీ-రాఫ్ అనే ప్రోటీన్ తప్పుగా తయారైంది. అది ఆగట్లేదు. బయట ఎవరూ చెప్పకపోయినా పెరగమని కింద వాటికి చెబుతూనే ఉంది."

అన్న శ్రద్ధగా విన్నాడు. "స్టార్టర్ల పాయింట్లు అతుక్కున్నయన్నట్టు" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. నేను వివరించాను. "సరిగ్గా అదేనండీ" అంది. ఆ రోజు అన్న ముఖంలో చివరిసారి ఒక రకమైన గర్వం చూశాను. తన జబ్బు తనకు అర్థమైందన్న గర్వం.

"మచ్చలు అందరికీ ఉంటాయి కదా మేడమ్?" అని అడిగాను. నాకు ఏదో ఒక తప్పించుకునే దారి కావాలి.

"ఉంటాయి. వాటిలో చాలావాటిల్లో కూడా ఇదే ప్రోటీన్ తప్పుగానే ఉంటుంది. కానీ పెరుగుదలను ఆపే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. అవి పట్టి ఆపుతాయి. అందుకే మామూలు మచ్చ కొంత పెరిగి అక్కడే ఉండిపోతుంది. ఆపేవి కూడా పాడైతేనే ఇలా అవుతుంది. ఆగిపోయిన మచ్చతో మనకి పేచీ లేదు. ఆగకుండా పెరిగేదాన్నే వెంటనే చూపించుకోవాలి."

అప్పుడు వదిన నోరు విప్పింది. "కోసినందుకు పాకిందంటున్నరు మేడమ్, మావోళ్లు. నేనే తోలుకొచ్చిన. నిజంగనే..."

"లేదమ్మా. అది చాలామంది అనుకునే మాట. ముక్క తీయబట్టే ఏ ప్రోటీన్ తప్పిందో తెలిసింది. తెలిసింది కాబట్టే మాత్ర ఇవ్వగలుగుతున్నాం. పాకడం అంతకు ముందే జరిగింది. గజ్జల్లో బిళ్ళ ఎప్పట్నించి ఉంది?"

అన్న నావైపు చూశాడు. నన్నే చెప్పమన్నట్టు చూశాడు. నేను బల్ల అంచు చూస్తూ, "ఈమధ్యనే మేడమ్" అన్నాను. వదిన ముఖం ఇంకా డాక్టరు వైపే ఉంది. కావలసిన జవాబు ఆమెకు సగమే దొరికింది.

మాత్రలు రెండు రకాలు. ఒకటి ఆగని ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, రెండోది దాని కింద ఉన్నదాన్ని. మధ్యమధ్యలో చలిజ్వరం వచ్చి పళ్లు టకటక కొట్టుకునేవి కానీ, ఊపిరితిత్తుల్లో కనబడిన నీడలు తగ్గాయి. అన్నం తిన్నాడు. కర్ర పట్టుకుని మిద్దె మీదికి ఎక్కాడు. "ఫ్యూజు పీకిండ్రు తమ్మీ, మోటరు బందయింది" అని ఫోన్ చేసి చెప్పాడు. వదిన మళ్లీ పూలు పెట్టుకోవడం చూశాను. ఆ కొన్ని నెలలే మాకు దక్కినవి.

తర్వాతి స్కాన్‌లో మళ్లీ కనబడింది. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో. మాత్రలు అడ్డుపడ్డ చోటును వదిలేసి కణాలు ఇంకో దారి వెతుక్కున్నాయని డాక్టరు చెప్పింది. అన్న పడుకుని పైకప్పు చూస్తూ విన్నాడు. "స్టార్టరు పక్కకు వెట్టి వైర్లు డైరెక్ట్ గొట్టుకున్నయ్. ఇగ నేనేం జెయ్య" అన్నాడు. ఒంట్లోని రోగనిరోధక కణాలను లేపే ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు. అరికాలి కాన్సర్‌కు అవి అంతగా పని చేయవని ముందే చెప్పారు. అలాగే అయింది.

మంచం పట్టాక ఒకరోజు వదిన నీళ్లకని లేచి వెళ్లగానే అన్న నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "బిళ్ళ ముచ్చట మీ వదినకు జెప్పినవా?"

"చెప్త అన్నా."

"నేను వొయినంక ఆమె మీద వడ్తరు. అందరి ముంగట నువ్వే జెప్పాలె. నీకొక్కనికే ఎర్క."

సరేనని చెయ్యి పట్టుకున్నాను.

పెద్దకర్మ రోజు ఇంటి ముందు టెంటు వేశాం. చుట్టాలు, మా దగ్గర ప్లాట్లు కొన్నవాళ్లు, భూములు ఇచ్చిన రైతులు అందరూ వచ్చారు. భోజనాలయ్యాక మా మేనత్త గట్టిగా ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూనే అంది. "మంచిగ నడిసే పిలగానికి కాలు గోపిచ్చె గదనే! పాకకపోతే ఏమైతది?" అందరూ నావైపు చూశారు. నేను నిజం చెబితే దానితోపాటు పసుపు నీళ్లు, ఫొటోలు, ముహూర్తాలు అన్నీ చెప్పాలి. ఆ మచ్చను చూపించి ప్లాట్లు అమ్మిన మనుషులు ఎదురుగానే కూర్చున్నారు.

"కోయించకముందు మంచిగనే నడిచిండు అత్తా" అన్నాను.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అన్న నడిచిన మాట నిజం. నేనే నడిపించాను. గుమ్మంలో నిలబడ్డ వదిన ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి అది ఊరి మాట అయింది. తమ్ముడే అన్నాడు కదా అంటారు.

కొంతకాలానికి ఒక సాయంత్రం వదిన దగ్గరికి వెళ్లి బిళ్ళ సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "గప్పుడే చెప్పుంటే నేను గప్పుడే తోలుకపోదును" అని మాత్రం అంది. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

మళ్లీ మాట్లాడింది అత్త గురించి. మేనత్త జీవితమంతా తంబాకు నమిలింది. ఎడమ దవడ లోపల మానని పుండు లేచింది. ఎవరింట్లోనో ఆమెను చూసి వచ్చి వదిన నాకు ఫోన్ చేసింది. "అత్త దవడ జూసినవా? జల్దీ తోలుకపో. గీసారన్న జల్దీ పో."

తీసుకెళ్లాను. పళ్ల డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలన్నాడు. అత్త లేచి నిలబడింది. "ముక్క దీయనియ్య. నా మేనల్లునికి దీసిండ్రు, ఏమయింది?" అని బయటికి నడిచింది.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్లి, అరుగు మీద పక్కన కూర్చుని అంతా చెప్పాను. పంతులుగారి మాట, నా ఫొటోలు, వదిన అడిగితే నేను వాయిదా వేయడం, కారులో అన్న నా చెయ్యి పట్టుకుని చూపించిన బిళ్ళ. అత్త పుండు లేని దవడకు తంబాకు మార్చుకుని విన్నది.

"గిదంత నీ వదిన నేర్పిందా?" అంది.

"లేదత్తా. నేనే..."

"నలుగుట్ల నువ్వే గదరా అన్నవ్, కోపియ్యకముందు మంచిగనే నడిసిండని? గప్పుడు అన్న మీద పాణం గొట్టుకుంటుండె, నిజం జెప్పినవ్. ఇప్పుడు ఆమె మాట ఇంటున్నవ్. నాకు సుత కత్తి వెట్టియ్యాల్నని ఆమెకున్నదేమో, ఎవలకెర్క?" అని నవ్వబోయి, నొప్పికి దవడ పట్టుకుంది. "నోరొక్కటి, మాటలు రెండైతే ఎట్ల కొడుకా? నేను మొదటిదే నమ్ముత."

ఇప్పుడు మా వాళ్లలో కొత్త మాట వచ్చింది. మొగుణ్ణి పోగొట్టుకున్నాక మరిదిని కూడా మాయ చేసిందని. నేను ఎవరికి నిజం చెప్పినా అది వదిన నేర్పిన మాట అవుతోంది. ఒకరోజు ఆమే అంది. "ఇగ జెప్పకు మరిదీ. నువ్వు జెప్పినకొద్ది నా మీదనే వడ్తాంది."

అత్తకు ఇప్పుడు నోరు సరిగ్గా తెరుచుకోదు. కారం తగిలితే అరుస్తుంది. వదిన జొన్నపిండి జావ పలచగా కాచి, చల్లార్చి, ఉప్పు సరిచూసి, స్టీలు డబ్బాలో పోసి నాకిస్తుంది. నేను తీసుకెళ్లి ఇస్తాను. మొదటిసారి అత్త చెంచాతో కొంచెం నోట్లో పోసుకుని, "మంచిగున్నది. ఎవలు గాసిండ్రు?" అని అడిగింది.

వదిన అని చెబితే ఆ డబ్బా అక్కడే పెట్టేస్తుంది. నా భార్య కాచిందని చెప్పాను.

నిన్న కూడా అదే చెప్పాను. డబ్బా సగం నిండుగానే వెనక్కి వచ్చింది. వదిన దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని ఎంత మిగిలిందో చూసింది. రేపటికి ఇంకా పలచగా చేస్తానని చెప్పి లోపలికి వెళ్లింది.